నిమ్మకాయ కారు

మా విజయవాడలో బండి కొన్నవాళ్ళు తిన్నగా ఇంటికి రారు. ముందు ఇంద్రకీలాద్రి దారి పడతారు. బండికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెడతారు. బండి మెల్లిగా ముందుకు కదులుతుంది. నిమ్మకాయలు చితుకుతాయి. ఇంకేముంది, దిష్టి పోయినట్టే! కొత్త బండికే ఈ మర్యాద అనుకునేరు. నాలుగు చేతులు మారి అయిదో చేతికొచ్చిన బండికైనా ఇంతే. అమ్మవారి దగ్గర మోడలు ఏ సంవత్సరమని ఎవరడుగుతారు?

సముద్రాలు దాటి అమెరికా వెళితే అక్కడా కారుకీ నిమ్మకాయకీ చుట్టరికం వుంది. కాకపోతే మనం కారు కింద నిమ్మకాయ పెడతాం, వాళ్ళు కారునే నిమ్మకాయ అంటారు. పైకి నిగనిగలాడుతూ, కొని ఇంటికి తెచ్చాక పళ్ళు పులిసేలా చేసే కారును "లెమన్" అనడం అక్కడి వాడుక.

మా నాన్నగారు 1990లో ఈ రెండు సంప్రదాయాలనూ ఒక్కరోజే పాటించారు. ఒక పెద్ద నిమ్మకాయను కొని, దాని కింద నాలుగు చిన్న నిమ్మకాయలు పెట్టించారు.

అప్పటికి నాకు పదేళ్ళు. నాన్నగారు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవారు. ఇంట్లో మేం నలుగురం, మా నలుగురికీ కలిపి ఒక స్కూటరు. చల్లపల్లి అవతల మా సొంతవూళ్ళో నాయనమ్మ వుండేది. ఆవిడకు ఆయాసం. నెలనెలా బెజవాడ తీసుకొచ్చి డాక్టరుకు చూపించాలి. బస్సు ఎక్కలేదు, ఎక్కినా నిలబడలేదు. ప్రతిసారీ టాక్సీ మాట్లాడే స్తోమత మాకు లేదు. నాన్నగారు ఆలోచించి ఆలోచించి, ఒక పాత కారు కొనేద్దామన్నారు.

మధ్యవర్తి ఒకాయన తెల్ల అంబాసిడర్ తీసుకొచ్చి మా గేటు ముందు ఆపాడు. మార్క్ 3, 1976 మోడలు. రంగు తళతళలాడుతోంది. సీట్లకు కొత్త గుడ్డ. లోపల అగరొత్తుల వాసన.

"డాక్టరుగారి బండండీ మేష్టారూ! ఇల్లూ, ఆస్పత్రీ తప్ప మూడో రోడ్డు ఎరగదు" అన్నాడు.

తరవాత తరవాత నాకు తెలిసిందేమిటంటే, అమ్మకానికి వచ్చే ప్రతి పాతకారూ ఒక డాక్టరుగారిదే! ఇంజనీర్లూ, కంట్రాక్టర్లూ వాడిన కార్లన్నీ ఏమవుతాయో ఆ దేవుడికే ఎరుక.

నాన్నగారు ఏలూరు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చారు. "వెన్నపూసలా పోతోంది" అన్నారు. అమ్మ తలుపు దగ్గర నిలబడి మెల్లిగా, "ఏవండీ, ఒకసారి ఎవరైనా మేస్త్రికి చూపించి తీసుకుంటే బావుంటుందేమో" అంది.

"అదేమన్నా వంకాయటే, పుచ్చు చూసుకోవడానికి?" అని నాన్నగారు నవ్వారు. మధ్యవర్తి కూడా నవ్వాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

చూడండి, ఆ అమ్మ జన్మలో ఏ వస్తువూ చూసుకోకుండా కొన్న మనిషి కాదు. బెండకాయ కొస తుంచి చూస్తుంది. కుండను వేలితో కొట్టి, ఆ మోత చెవిన పడితేగాని డబ్బివ్వదు. చీర అంచు తిరగేసి చూస్తుంది. మా తాతగారు మాత్రం? ఎడ్లు కొనాలంటే సంతకు వెళ్ళి పళ్ళు చూసేవారు, సుడులు చూసేవారు, నడిపించి చూసేవారు. బండికి కట్టి నాలుగు బారలు తోలితేగాని బేరానికి రాకపోయేవారు. ఆ పైన తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు నొక్కి ధర తేల్చుకునేవారు. అలాంటి తాతగారి కొడుకు, అలాంటి అమ్మ మొగుడు ముప్ఫైవేలు పోసి ఒక ఇనప వస్తువును దాని రంగు చూసి కొనేశాడు!

అమ్మకు ఎర్రగుడ్డ అట్ట వేసిన లెక్కల పుస్తకం ఒకటి వుండేది. పాలు, చాకలి, ఫీజులు, అన్నీ అందులోనే. ఆ రాత్రి అందులో ఒక కొత్త పేజీ తీసి పైన "కారు" అని రాసుకుంది. కింద మొదటి పద్దు 30,000.

ఆ పేజీ ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టుంది. మొదటి నెల బ్యాటరీ 900. సైలెన్సరు 350. రెండో నెల రెండు రీట్రేడ్ టైర్లు 800. క్లచ్ ప్లేటు 650. ఆ తరవాత ఒక చిన్న పద్దు, "రేడియేటరుకు మాటు, 120". అమ్మ ఆ పద్దు చూసి "ఇదొక్కటే తక్కువలో పోయింది" అని సంతోషించింది కూడా. పాపం, ఆ నూటఇరవై రూపాయలే మా కొంప ముంచాయని అప్పుడు తెలియదు.

ఒక చలికాలం సాయంత్రం నాయనమ్మను ఎక్కించుకుని చల్లపల్లి నుంచి బయల్దేరాం. పామర్రు దాటింది. ఉయ్యూరు ఇంకా రాలేదు. చీకటి పడింది. ఉన్నట్టుండి ముందు నుంచి తెల్లటి ఆవిరి కమ్ముకొచ్చింది. బండి రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. కాలవ గట్టు మీద మేమూ, దోమలూ, వెనకసీట్లో ఎగశ్వాసతో నాయనమ్మ. అవి చెరుకు రోజులు. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు తోలే బళ్ళవాళ్ళు ఆగి, లాంతరు పట్టి, వచ్చే లారీని చెయ్యెత్తి ఆపారు. నాయనమ్మనూ అమ్మనూ లారీలో డ్రైవరు పక్కన కూర్చోబెట్టి బెజవాడ పంపారు. నాన్నగారూ, అక్కా, నేనూ తెల్లారేదాకా కారులోనే వున్నాం. నాన్నగారు ఆ రాత్రి ఒక్కమాట మాట్లాడలేదు. నాయనమ్మ గట్టెక్కింది గాని, ఆ తరవాత ఎప్పుడూ ఆ కారెక్కలేదు. "లారీయే నయంరా అబ్బాయీ" అనేది.

కారును తాడు కట్టి ఆటోనగర్‌కు లాక్కొచ్చారు. మేస్త్రి ఆయిలు పోసే మూత విప్పి నాన్నగారికి చూపించాడు. మూత లోపల మీగడలాంటిది పేరుకుని వుంది. "మేష్టారూ, నీళ్ళు ఆయిల్లో కలిశాయండీ. ఇదివ్వాళ్టిది కాదు, కొన్నప్పటి నుంచీ వుంది. ఈ మూత ఒక్కసారి విప్పి చూసుంటే తెలిసిపోను" అన్నాడు.

ఆయన చెప్పిందాన్ని వంటింటి భాషలో చెబుతాను. రేడియేటరు అంటే ఇంజనును చల్లబరిచే నీళ్ళ తొట్టి. దానికి చిల్లుపడితే నీళ్ళు తరుగుతాయి. అడుగున నీళ్ళు లేని కుక్కరులాగా ఇంజను కాగిపోతుంది. ఆ వేడికి ఇంజను తల వంపు తిరుగుతుంది. తలకీ, మొండేనికీ నడుమ వుండే గాస్కెట్ కాలిపోతుంది. అప్పుడు నీళ్ళు ఆయిల్లో కలుస్తాయి. నీళ్ళు కలిసిన ఆయిలుకు జిడ్డు తగ్గి, లోపలి బేరింగులు అరిగిపోతాయి. ఇలా ఒకదాని వెనక ఒకటి, గొలుసుకట్టు. అమ్మినవాడు చిల్లుకు మాటు వేయించకుండా రంగు వేయించాడు. రంగు ఎదురుగా కనిపిస్తుంది, చిల్లు కనిపించదు కదా!

హెడ్ గాస్కెట్, హెడ్డు చదును చేయించడం 700. అక్కడితో ఆగలేదు. నెల తిరక్కుండా రీబోరు, పిస్టన్లు, బేరింగులు, కూలి అంతా కలిపి 6,200. దీనికోసం అమ్మ చేతి గాజులు రెండు బ్యాంకులో తాకట్టుకు వెళ్ళాయి. తరవాత కింగ్ పిన్నులు 480. గేరుబాక్సు 1,400. దాన్ని విప్పితే లోపల నుంచి రంపపు పొట్టు వచ్చింది. అరిగిన పళ్ళ మోత వినపడకుండా పొట్టు పోసి అమ్మారట! చివరగా, మధ్యవర్తి వేయించిన రంగు పొరలుగా లేచిపోతే టింకరింగు, పెయింటింగు 3,500. ఆ రంగు కింద రేకు లేదు, అర అంగుళం మందాన లప్పం వుంది. పధ్నాలుగు నెలలకు అమ్మ కింద గీత గీసి మొత్తం వేసింది. 15,100. కారు ఖరీదులో సరిగ్గా సగం పైన ఒక వంద. పెట్రోలు లెక్క వేరే పేజీ.

అమ్మ ఆ పుస్తకాన్ని నాన్నగారి ముందు పెట్టలేదు. దెప్పలేదు. పెట్టెలో పెట్టేసింది. అదే ఆయనకు ఎక్కువ బాధనిపించిందని పెద్దయ్యాక నాతో అన్నారు.

ఇంతకీ ఇదంతా మా నాన్నగారి అమాయకత్వమేనా? నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తరవాత చదివితే తెలిసింది, దీని వెనక ఒక పెద్ద చరిత్రే వుందని.

బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లోనూ, వాల్‌చంద్ హీరాచంద్ గారి ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లోనూ పుట్టాయి. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ వుండేది. విడిభాగాలు దిగుమతి చేసుకుని బిగించి అమ్మే విదేశీ కంపెనీలు కూడా కొన్ని వుండేవి. 1953లో టారిఫ్ కమిషన్, మనదేశంలోనే తయారు చేసేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు వద్దు అని సిఫార్సు చేసింది. జనరల్ మోటార్స్, ఫోర్డు తట్టాబుట్టా సర్దుకున్నాయి. దేశం తన కాళ్ళ మీద తాను నిలబడాలన్న ఆలోచన మంచిదే. కాని మిగిలిన రెండు మూడు కంపెనీలకు పోటీ లేకుండా పోయింది. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు మన దేశంలో 1957లో అంబాసిడర్‌గా అవతరించి, ముఖం మీద ముక్కుపుడక మార్చినట్టు చిన్న చిన్న మార్పులతో 2014 దాకా కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారవుతూనే వచ్చింది.

కార్లు తక్కువ, కావలసినవాళ్ళు ఎక్కువ. కారు కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. 1959లో కేంద్రప్రభుత్వం మోటారు కార్ల పంపిణీ మీదా, అమ్మకాల మీదా కంట్రోలు ఆర్డరు తెచ్చింది. కొత్త కారు కొన్నవాళ్ళు వెంటనే లాభానికి తిరిగి అమ్ముకోకుండా కట్టడి చేసింది. అయినా బియ్యానికి కంట్రోలు పెడితే ఏమవుతుందో కార్లకూ అదే అయింది. కొత్తకారు ధర కంటే కాస్త వాడిన కారు ధర ఎక్కువ పలికిన రోజులున్నాయంటే నమ్ముతారా? వరసలో నిలబడే ఓపిక లేనివాడు పాతదానికే ఎక్కువ ఇచ్చేవాడు మరి! 1969లో ప్రభుత్వం కార్ల ధరలు తానే నిర్ణయించింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. ఒక కారు ధర ఎంత వుండాలి, అందులో లాభమెంత అని 1971లో సుప్రీంకోర్టు కూర్చుని లెక్కలు చూడవలసి వచ్చింది.

కరువు రోజుల్లో పుచ్చు వంకాయకు కూడా బేరముంటుంది. సరుకు దొరకడమే గొప్పయినప్పుడు సరుకు ఎలా వుందని అడిగేవాడెవడు? కొత్త కార్లే తిన్నగా లేవని గోల పుడితే, వాటి నాణ్యత చూడమని 1960ల చివర ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. కొత్తవాటి సంగతే అలా వుంటే ఇక పాతవాటి మాట చెప్పాలా? 1983 డిసెంబరు 14న మొదటి మారుతి కారు తాళాలు ఇందిరాగాంధీ గారి చేతుల మీదుగా అందాక గాలి మారింది. కలిగినవాళ్ళు మారుతిలోకి మారారు. వాళ్ళు వదిలించుకున్న అంబాసిడర్లూ, ఫియట్లూ మా నాన్నగారి లాంటివాళ్ళ గేటు ముందుకు వచ్చాయి. కరువులో పెరిగినవాళ్ళం కనక, "కారు దొరికింది" అని మురిసిపోయామేగాని "ఎలాంటి కారు?" అని అడగడం మాకింకా అలవాటు కాలేదు.

ఈ కథలో మా వూరిది మాత్రం మరో పాత్ర. మద్రాసు, కలకత్తాల రోడ్డూ, హైదరాబాదు, బందరు రోడ్డూ కలిసే చోటు బెజవాడ. డెల్టా ధాన్యం, చెరుకు, బెల్లం, మామిడిపళ్ళు, అన్నీ ఇక్కడి నుంచే లారీలెక్కాలి. లారీలున్నచోట రిపేర్లుంటాయి. 1960లలో పటమట పక్కన నెహ్రూగారి పేరున జవహర్ ఆటోనగర్ వెలిసింది. లారీ బాడీలు కట్టేవాళ్ళు, కమాన్‌కట్టలు సరిచేసేవాళ్ళు, రేడియేటర్లకు మాట్లు వేసేవాళ్ళు, పాత బండ్లు విప్పి సామాను అమ్మేవాళ్ళు ఒకచోట చేరారు. ఎక్కడా దొరకని సామాను ఆటోనగర్‌లో దొరుకుతుందని పేరు. దొరక్కపోతే అక్కడే చేసిస్తారు. ఆ రోజుల్లో ఇంజను శబ్దం విని జబ్బు చెప్పగల మనుషులు మా ఇంటికి రెండు మైళ్ళ దూరంలోనే వున్నారన్న మాట. వాళ్ళ దగ్గరికి మేం కారు కొన్నాక వెళ్ళాం. కొనకముందు వెళ్ళలేదు. మా తప్పల్లా అదే.

1993లో నాయనమ్మ పోయింది. ఇక కారెందుకని అమ్మకానికి పెట్టారు. అప్పుడు అసలు తమాషా జరిగింది. అదే మధ్యవర్తి మళ్ళీ వచ్చి, "కాస్త రంగు వేయించి, డాక్టరుగారిదని చెప్పి పాతికవేలకు తోసేద్దాం మేష్టారూ" అన్నాడు. నాన్నగారు ససేమిరా అన్నారు. "ఇంకో ముసలమ్మ కాలవ గట్టు మీద కూర్చోవడం నాకిష్టం లేదు" అన్నారు. వచ్చినవాళ్ళందరికీ ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టారు. ఇంజను చేయించాం, గేరుబాక్సు చేయించాం, రెండో గేరు ఇంకా అప్పుడప్పుడు జారుతుంది, కుడివైపు తలుపు కింద తుప్పుంది.

ఏమయిందనుకున్నారు? ఒక్కడూ కొనలేదు! "చెప్పేవే ఇన్నుంటే చెప్పనివి ఎన్నున్నాయో" అనుకుంటూ వెళ్ళిపోయారు. పద్నాలుగువేలకు మించి ఎవరూ పైకి రాలేదు. అబద్ధం చెబితే పాతికవేలు, నిజం చెబితే పద్నాలుగు. ఇదీ పాతకార్ల బజారులో నిజానికున్న ధర.

సరిగ్గా ఈ విషయం మీదే ఒక అమెరికా ఆర్థికవేత్తకు నోబెల్ బహుమతి వచ్చిందని నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. ఆయన పేరు జార్జ్ అకెర్లాఫ్. 1970లో "నిమ్మకాయల బజారు" అని అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం అచ్చు వేయించాడు. అంతకు ముందు మూడు పత్రికలు దాన్ని తిప్పికొట్టాయట. మాలాంటి రచయిత్రులకు ఎంత ఓదార్పో చూడండి! ఆయన చెప్పింది ఇంతే. కారులో లోపమేమిటో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు ఏ కారైనా చెడ్డదే అయివుంటుందేమోనని భయపడి తగ్గించి అడుగుతాడు. ఆ తక్కువ ధరకు మంచికారున్నవాడు అమ్మడు, ఇంట్లోనే వుంచుకుంటాడు. చెడ్డకారున్నవాడు సంతోషంగా అమ్ముతాడు. రానురాను బజారులో నిమ్మకాయలే మిగులుతాయి.

నాకు ఇంకా ఆశ్చర్యం కలిగించిన సంగతి మరొకటుంది. ఆ వ్యాసం రావడానికి ముందు 1967, 68లలో ఆయన మనదేశంలోనే, ఢిల్లీలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో వున్నాడు. ఆ వ్యాసంలో మన ఆడవాళ్ళు కూడా వున్నారు! ఇండియాలో గృహిణులు బజారు బియ్యంలోంచి, కావాలని కలిపిన, అచ్చం బియ్యం గింజల్లా వుండే రాళ్ళను ఓపిగ్గా ఏరుకోవలసి వస్తుందని ఆయన రాశాడు. అంటే అమ్మ రోజూ చేటలో చేసే పనిని, నాన్నగారు కారు దగ్గర చెయ్యని పనిని, ఆ మహానుభావుడు ఒకే వ్యాసంలో పక్కపక్కన పెట్టాడన్న మాట. 2001లో ఆయనతో పాటు మరిద్దరికి కలిపి నోబెల్ ఇచ్చారు. మా అమ్మకు ఈ సంగతి చెబితే, "రాళ్ళేరినందుకు బహుమతులిస్తే మన వీధిలో అందరికీ రావాలే" అంది.

మళ్ళీ మా కారు దగ్గరికొస్తాను. చివరికి గుడివాడ వైపు నుంచి ఒక దంపతులు వచ్చారు. ఆయన బానెట్టు ఎత్తి చూస్తున్నాడు. నాన్నగారు మళ్ళీ తన దండకం మొదలుపెట్టారు. ఆయన ముఖంలో అనుమానం పెరుగుతోంది. ఆవిడకు మంచినీళ్ళివ్వడానికి వచ్చిన అమ్మ ఒక క్షణం ఆలోచించి, లోపలికి వెళ్ళి, పెట్టెలోంచి ఎర్ర పుస్తకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇది నేను రాసుకున్న లెక్క వదినగారూ. ఎవరికోసమో రాసింది కాదు. చూడండి" అంది.

ఆవిడ ఆ పేజీ మీద వేలు పెట్టి ఒక్కో పద్దూ చదివింది. పాల లెక్కకూ, చాకలి లెక్కకూ నడుమ వున్న పేజీ అది. అమ్మటానికి రాసిన పేజీ అలా వుండదని ఆవిడకు తెలుసు. ఆవిడా అలాంటి పుస్తకం రాసే మనిషే కదా! భర్తను పక్కకు పిలిచి, "ఇంజను చేయించి రెండేళ్ళు కూడా కాలేదు. చెయ్యవలసినవన్నీ వీళ్ళు చేయించేశారు. ఇక మనకు పెద్ద ఖర్చులుండవు" అంది. పంతొమ్మిదివేలకు బేరం కుదిరింది. వెళ్ళేముందు ఆవిడ, "ఆ పేజీ నకలు రాసిస్తారా?" అని అడిగింది. నేనే కూర్చుని రాసిచ్చాను. ఆ రోజు నాన్నగారు అమ్మతో, "పుచ్చు చూసుకోవడం నీకే తెలుసునే" అన్నారు. మూడేళ్ళ కిందటి మాటకు అదే ఆయన క్షమాపణ. అమ్మకు అర్థమయింది.

బందరు పక్కన చిలకలపూడి వాళ్ళు రోల్డుగోల్డు నగలు చేస్తారు. బంగారం కాదని చెప్పే అమ్ముతారు, తెలిసే కొంటాం, సరదాగా పెట్టుకుంటాం. పూత వేయడంలో తప్పు లేదు. పూత అని చెప్పకపోవడంలోనే వుంది.

చట్టం ఏం చేసింది అంటారా? 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం, చూసుకుని కొనుక్కునే బాధ్యత చాలావరకు కొనేవాడిదే. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది, దాని స్థానంలో 2019 నాటి కొత్త చట్టం 2020 నుంచి నడుస్తోంది. అమెరికాలో 1982లో కనెక్టికట్ రాష్ట్రంతో మొదలుపెట్టి, పదే పదే చెడిపోయే కొత్త కార్ల కోసం "నిమ్మకాయ చట్టాలు" అన్న పేరుతోనే చట్టాలు చేశారు. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల వ్యాపారులు రవాణా శాఖ అనుమతి తీసుకోవాలనీ, తమ దగ్గరున్న బండిని ఎందుకు, ఎవరు, ఎన్ని కిలోమీటర్లు నడిపారో లెక్క రాసి వుంచాలనీ నిబంధన వచ్చింది. చదివి నవ్వుకున్నాను. అమ్మ ఎర్ర పుస్తకం ఢిల్లీ చేరడానికి ముప్ఫై ఏళ్ళు పట్టిందన్న మాట!

ఈమధ్య మా అక్క కూతురు ఉద్యోగంలో చేరి ఒక పాతకారు చూసింది. ఫోనులో ఫొటోలు చూపించి, "పిన్నీ, ఎంత బావుందో చూడు, ధర కూడా తక్కువే" అంది. నా గుండె గుభేలుమంది. ఎందుకంటే 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్ళలో వుండిపోయాయి. ఎందరి కార్లు, స్కూటర్లు మునిగాయో! మునిగిన కారును కడిగి, ఆరబెట్టి, అత్తరు కొట్టి అమ్మితే ఫొటోలో ఏం తెలుస్తుంది? నీళ్ళు తగిలిన వైర్లు ఆరునెలల తరవాత మొరాయిస్తాయి.

మా అమ్మకిప్పుడు డెబ్భై అయిదు దాటాయి. మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. "సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చూశావా? లోపలి కొసన బురద మరక వుంటుంది. కాళ్ళ కింది చాప ఎత్తి చూశావా? సీటు కింద బోల్టులు తుప్పు పట్టాయా? పొద్దున్నే చల్లగా వున్నప్పుడు బండి స్టార్టు చేయించి పొగ చూశావా? నీలం పొగ వస్తే ఆయిలు తాగుతోందని. తెల్ల పొగ ఆగకుండా వస్తే నీళ్ళు పోతున్నాయని." మనవరాలు నోరు తెరుచుకుని వింది. ఇవన్నీ ఆటోనగర్ మేస్త్రి షెడ్డులో బల్ల మీద కూర్చుని, తన గాజుల ఖరీదు చెల్లించి అమ్మ నేర్చుకున్న పాఠాలు.

మర్నాడు ఒక మేస్త్రిని తీసుకెళ్ళి చూపించాం. ఆయన అరగంట కిందా మీదా చూసి, "ఇది వద్దమ్మా" అన్నాడు. సీట్ల బోల్టులన్నీ తుప్పే. వారం తరవాత మరో కారు చూశాం. దానికి సర్వీసు చేయించిన కాగితాలన్నీ వున్నాయి. దానికీ కొంత పని వుందని, ఎంత అవుతుందో ముందే లెక్క చెప్పాడు. ఆ మొత్తం ధరలో తగ్గించుకుని కొన్నాం. ఇంకో మాట, ఇది మాత్రం మరిచిపోకండి. బండి తెచ్చుకున్న రోజే పేరు మార్పిడి కాగితాలు, 29, 30 నంబరు ఫారాలు, రవాణా ఆఫీసులో ఇచ్చేయాలి. అమ్మినవాళ్ళకూ అదే మంచిది. పేరు ఎవరిదుంటే బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

కారు ఇంటికి వచ్చాక అమ్మ మనవరాలికి ఒక కొత్త పుస్తకం ఇచ్చింది. పిల్ల మొదటి పేజీలో "మేస్త్రి చూసినందుకు" అని రాసి, పక్కన అంకె వేసి, "అమ్మమ్మా, వద్దన్న కారుకు కూడా డబ్బిచ్చాం, అది దండగ ఖర్చేగా?" అంది.

"దండగేమిటే, అది రాళ్ళేరిన కూలి" అంది అమ్మ.

కనక, మీ ఇంట్లో ఎవరైనా పాతకారు కొంటున్నారంటే తలుపు చాటున నిలబడకండి. ముందుకొచ్చి, మూత విప్పి చూపించమనండి. చక్రాల కిందకు నాలుగు నిమ్మకాయలు తప్పకుండా కొనండి, అమ్మవారి దయ అందరికీ కావాలి. అయిదో నిమ్మకాయ మాత్రం ఇంటికి రాకుండా చూసుకోండి.